గుడ్డ డైపర్లు: ఏవి కొనాలి, ఎలా కట్టాలి, ఎలా ఉతకాలి

గుడ్డ డైపర్లు కొందామని చూస్తే కళ్ళు ముందు ఏనుగుల బొమ్మల మీదా, నెమళ్ళ బొమ్మల మీదా పడతాయి. ఆ బొమ్మలుండేది పై తొడుగు మీద. తడిని బయటికి రానివ్వకపోవడమే దాని పని. ఉచ్చని పీల్చి పట్టుకునేది లోపల పెట్టే గుడ్డ. "కారిపోతున్నాయి, కంపు కొడుతున్నాయి, బిడ్డకి ఒరిసిపోతోంది" అని మూడో నెలకే అటకెక్కించే ఇళ్ళలో చాలావరకు తప్పు ఆ లోపలి గుడ్డ దగ్గరో, దాన్ని ఉతికే నీళ్ళ దగ్గరో ఉంటుంది. అందుకే ఇక్కడ కొనడం గురించి కొంచెం, ఉతకడం గురించి ఎక్కువ.

ఏ రకం ఎవరికి

మన ఇళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నది లంగోటీ గుడ్డ. పాత నూలు చీరో పంచో చింపి, మూలగా మడిచి, నడుం దగ్గర ముడేస్తారు. దానికి లోపం ఒక్కటే, తడిని ఆపే పొర లేదు. ఒకసారి పోసుకుంటే పొత్తిళ్ళు, పక్క, ఎత్తుకున్నవాళ్ళ చీర అన్నీ తడుస్తాయి. ఇప్పుడు బజారులో దొరికేవన్నీ ఆ గుడ్డకే నీళ్ళు ఆగే తొడుగు చేర్చిన రూపాలు.

మొదటి రకంలో కవరు వేరు, గుడ్డ వేరు. కవరు అంటే పాలియెస్టర్ బట్టకి లోపలివైపు పల్చటి పాలియురేథేన్ పొర అతికించినది. దీన్ని పీయూఎల్ అంటారు. దానిలో మడిచిన గుడ్డ పెట్టి కడతారు. తడిస్తే గుడ్డ మార్చి, కవరు లోపల తడిబట్టతో తుడిచి మళ్ళీ వాడొచ్చు. కవరుకి మలం అంటితేనే ఉతుకుడు. అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా త్వరగా ఆరేది ఇదే.

రెండోది పాకెట్ డైపర్. కవరుకి లోపల మెత్తటి పొర కుట్టి, ఒకవైపు సంచి మూతిలా తెరిచి ఉంచుతారు. పీల్చే ప్యాడ్‌ని, అంటే ఇన్సర్ట్‌ని, అందులోకి దూర్చాలి. ఒంటికి తగిలే పొర సాధారణంగా మైక్రోఫ్లీస్. అది తడిని కిందికి వదిలేసి తాను దాదాపు పొడిగా ఉంటుంది. తీసిన ప్రతిసారీ మొత్తం ఉతకాలి.

మూడోది ఆల్ ఇన్ వన్, అన్నీ కలిపి కుట్టేసినది. క్రెష్‌లో ఆయాకి ఇవ్వడానికి ఇంతకన్నా సులువైంది లేదు. కానీ వానాకాలంలో కాకినాడ లాంటి ఊళ్ళో దీన్ని ఆరేస్తే మర్నాటికీ నడుమ చెమ్మగానే ఉంటుంది. ఒకటి రెండు చాలు.

ఇక లోపలి గుడ్డ. మైక్రోఫైబర్ గబుక్కున పీలుస్తుంది, నొక్కితే స్పాంజిలా వదిలేస్తుంది. బిడ్డని చంకనేసుకున్నప్పుడు కారేది ఎక్కువగా ఇదే. ఇంకో మాట, మైక్రోఫైబర్ చర్మానికి నేరుగా తగలకూడదు. చర్మంలో ఉన్న తేమని కూడా లాగేసి ఎర్రబారుస్తుంది. పాకెట్ లోపలే దాని చోటు. నూలు మధ్యస్తం, గట్టిది, ఎలా ఉతికినా ఓర్చుకుంటుంది. బ్యాంబూ పేరుతో అమ్మేది వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్. మెత్తగా ఉంటుంది, నూలుకన్నా ఎక్కువ పడుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. హెంప్ అంటే మన గోనెసంచుల జనపనార కాదు, గంజాయి జాతి మొక్క నార. నిదానంగా పీలుస్తుంది గానీ పల్చగా ఉండి చాలా పట్టుకుంటుంది. పగటికి నూలు, రాత్రికి బ్యాంబూ గానీ హెంప్ గానీ తోడు, ఇంతకుమించి ఆలోచించక్కర్లేదు.

వెల్క్రో, ప్రెస్ బటన్లు రెండూ దొరుకుతాయి. పసిగుడ్డు నడుముకి వెల్క్రో బాగా కుదురుతుంది, కానీ దానికి దారాలూ నూగూ పట్టి ఏడాదిలో పట్టు పోతుంది. ఎనిమిదో నెల వచ్చేసరికి బిడ్డే దాన్ని పర్రుమని పీకడం నేర్చుకుంటుంది. ఎక్కువ కాలం నిలిచేది బటన్లే.

"ఒకటే సైజు, 5 నుంచి 17 కిలోలు" అని రాసి ఉన్నవి మొదటి రెండు నెలలకి కొనకండి. రెండున్నర, మూడు కిలోల బిడ్డ తొడలు సన్నగా ఉంటాయి. ఎన్ని బటన్లు బిగించినా కాలి దగ్గర సందు మిగులుతుంది. అప్పటికి చిన్న కవర్లూ, మడత గుడ్డలే సరి.

ఎన్ని కావాలి

నెలల బిడ్డకి రోజుకి 10 నుంచి 12 మార్పులు పడతాయి. ఆర్నెల్లు దాటాక 6 నుంచి 8. రోజూ ఉతికేవాళ్ళకి మొదట్లో 18 మడత గుడ్డలు, 5 చిన్న కవర్లు సరిపోతాయి. రోజు మార్చి రోజు ఉతికితే గుడ్డలు 24 నుంచి 28 ఉండాలి. నాలుగో నెల నుంచి 10, 12 పాకెట్ డైపర్లు, ఒక్కోదానికి రెండేసి ఇన్సర్ట్‌లు పెట్టుకోండి. ఒకేసారి ఒకే రకం డజను కొనేయకండి. రెండు రకాల్లో ఒక్కొక్కటి తెచ్చి, వారం వాడి చూసి, మీ బిడ్డ తొడలకి ఏది కుదిరిందో అదే తెచ్చుకోవాలి. కుదురు బిడ్డబిడ్డకీ మారుతుంది.

పాత చీరతో గుడ్డలు

గుడ్డలకి కొత్త బట్ట కొనక్కర్లేదు. చాలాసార్లు ఉతికిన నూలు చీర కొత్తదానికన్నా బాగా పీలుస్తుంది. ముందు అది నిఖార్సయిన నూలేనా అని చూడాలి. అంచు నుంచి ఒక దారం లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతే నూలు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అందులో పాలియెస్టర్ కలిసింది. అది పీల్చదు, పక్కన పెట్టేయండి.

ఐదున్నర మీటర్ల పొడవు, 112 సెంటీమీటర్ల పన్నా ఉన్న చీరలో 70 సెంటీమీటర్ల చదరాలు 7 వస్తాయి. పన్నాలో మిగిలిన 42 సెంటీమీటర్ల పట్టీ నుంచి ఇంకో 7 ముక్కలు వస్తాయి, వాటిని మూడు మడతలు పెట్టి కుడితే అదనపు ప్యాడ్లు. చివర మిగిలిన 60 సెంటీమీటర్ల ముక్క తుడుపు గుడ్డలకి. జరీ అంచూ, గట్టి కుట్టుపనీ ముందే తీసేయాలి. చీర మరీ నలిగి పల్చబడి ఉంటే రెండు చదరాలు కలిపి అంచు కుట్టించండి. రెండు పొరలకన్నా ఎక్కువ కుట్టేస్తే లోపలికి నీళ్ళూ ఎండా అందవు.

కొత్త నూలు, బ్యాంబూ ఇన్సర్ట్‌లు కొంటే నేరుగా వాడొద్దు. నూలు నారలో సహజంగా ఉండే నూనె, మైనం పోయేదాకా అది నీటిని నెట్టేస్తుంది. వేడినీళ్ళలో వాషింగ్ పౌడరు వేసి నాలుగైదు సార్లు ఉతికి ఆరబెట్టాలి. హెంప్‌కి ఏడెనిమిది సార్లు. మైక్రోఫైబర్‌కీ, పీయూఎల్ కవర్లకీ ఒక్కసారి చాలు.

నెలల బిడ్డకి మడత

అన్ని మడతల్లో తేలికైనది ప్యాడ్ మడత. 70 చదరాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే 35 చదరం. దాన్ని మూడు మడతలు పెడితే 35 పొడవు, 12 వెడల్పు, 12 పొరల ప్యాడ్. కవరులో పెట్టి కట్టేయడమే. ఉతికేటప్పుడు విప్పితే ఒంటిపొర, గాలికే ఆరిపోతుంది.

పల్చటి విరేచనం పక్కలనుంచి కారే మొదటి నెలల్లో బిడ్డ చుట్టూ చుట్టుకునే మడత మెరుగు. నడుమ మందంగా, రెక్కలు పల్చగా వచ్చే మడత ఇది:

1. గుడ్డని కిందనుంచి పైకి సగానికి, తర్వాత ఎడమనుంచి కుడికి సగానికి మడవండి. నాలుగు పొరల చదరం వస్తుంది. విడి మూలలు నాలుగూ పైన కుడివైపున, మూసుకున్న మూల కింద ఎడమవైపున ఉండాలి.
2. పై పొర మూల ఒక్కదాన్నే పట్టుకుని ఎడమవైపుకి లాగండి. అది విచ్చుకుని, మొన కిందికున్న త్రికోణం అవుతుంది. పైఅంచు 70 సెంటీమీటర్లు.
3. కుడి చేయి కింద పెట్టి మొత్తాన్ని పుస్తకం పేజీలా తిప్పండి. ఇప్పుడు చదరంగా మిగిలిన పొరలు పైకి, ఎడమవైపుకి వస్తాయి.
4. ఆ చదరం ఎడమ అంచుని రెండు మూడు మడతలుగా మధ్యకి చుట్టుకుంటూ రండి. త్రికోణం మధ్యలో నిలువుగా ప్యాడ్ తయారవుతుంది.
5. వెడల్పు అంచు బిడ్డ నడుం కిందికి వచ్చేలా పడుకోబెట్టి, మొనని కాళ్ళ మధ్యనుంచి పైకి తీసి, రెండు రెక్కలూ దాని మీదికి తెచ్చి బిగించండి. సేఫ్టీ పిన్ను బదులు మూడు కొక్కేల రబ్బరు క్లిప్పులు దొరుకుతాయి, గుచ్చుకునే భయం ఉండదు. దానిపైన కవరు.

బొడ్డు ఊడేదాకా ముందు అంచుని బొడ్డు కిందికి మడవాలి. సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో ఊడుతుంది. ఆ చోట తడి తగలకుండా, గాలి ఆడేలా ఉండాలి. పుట్టిన మొదటి రెండు మూడు రోజులు వచ్చే నల్లటి జిగురు మలం మరక వదలదు, దానికి పారేసినా బాధలేని పాత ముక్కలే వాడండి.

కాళ్ళ మధ్య ఇంత దళసరిగా గుడ్డ ఉంటే కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయని పెద్దవాళ్ళు కంగారు పడతారు. కాదు. పసిపిల్లలు కప్పలా తొడలు మడిచి విప్పి ఉంచడం సహజం, తుంటికీ అదే మంచిది. నిజంగా మానాల్సింది కాళ్ళు రెండూ నిటారుగా చాపి పొత్తిగుడ్డతో బిగించి చుట్టడం.

పాకెట్ డైపర్ కుదిరిందా లేదా

ముందువైపు మూడు వరసల బటన్లు నిడివి తగ్గించడానికి. చిన్న బిడ్డకి అన్నిటికన్నా కింది వరసకి బిగించండి. ఇన్సర్ట్ చుట్టచుట్టుకోకుండా అంచులదాకా పరవాలి. మగబిడ్డకి అదనపు మడత ముందు ఉండాలి, అంగం కిందివైపుకి ఉండేలా సర్ది కట్టాలి, లేదంటే నడుం అంచు నుంచి చొక్కా తడుస్తుంది. ఆడబిడ్డకి మందం నడుమ. బోర్లా పడుకునే వయసొచ్చాక ఎవరికైనా ముందే తడుస్తుంది.

అసలు కిటుకు కాలి ఎలాస్టిక్ దగ్గర ఉంది. అది తొడ మీద ఉండకూడదు, చెడ్డీ అంచు కూర్చునే చోట, గజ్జ మడతలో కూర్చోవాలి. కట్టాక వేలితో అంచు చుట్టూ ఒకసారి రాసి, ఎలాస్టిక్‌ని మడతలోకి దింపండి. అదే వేలితో లోపలి తెల్ల పొర ఎక్కడైనా బయటికి తొంగిచూస్తుంటే లోపలికి తోయండి. ఆ తొంగిచూసిన అంచు దీపం వత్తి నూనె లాగినట్టు తడిని బట్టల్లోకి లాగుతుంది. నడుం దగ్గర రెండు వేళ్ళు దూరాలి. విప్పాక కనిపించే ఎర్రగీత అరగంటలో పోతే ఫర్వాలేదు. గుంట పడినట్టు మిగిలితే ఒక బటన్ వదులు చేయండి.

పగలు రెండు మూడు గంటలకొకసారి మార్చాలి. దొడ్డికి వెళ్తే వెంటనే. పైపొర పొడిగా అనిపించినా లోపలి గుడ్డ నిండి ఉండొచ్చు, చేత్తో బరువు చూడండి.

రాత్రికి వేరే లెక్క. పడుకోబెట్టే ముందు కొత్తది కట్టండి. నేరుగా ఒంటి మీద పల్చటి ఫ్లీస్ పట్టీ, దాని కింద గబుక్కున పీల్చే పొర, అన్నిటికన్నా కింద నిదానంగా పీల్చి పట్టుకునే హెంప్ లేదా బ్యాంబూ. ఈ వరస తిరగబడితే అంత గుడ్డ ఉండీ కారుతుంది. ఇన్సర్ట్‌లు ఎక్కించేకొద్దీ కాలి దగ్గర సందు పెరుగుతుంది, కాబట్టి మూడుకి మించి కూరకండి. ఆపైన కావాలంటే డైపరంతా గుడ్డతోనే కుట్టిన ఫిట్టెడ్ రకం, దానిపైన కవరు.

నూనె మర్దనకి ముందు గుడ్డ విప్పేసి, రబ్బరు షీటు మీద పాత దుప్పటి ముక్క వేసి పడుకోబెట్టండి. ఆ గంటసేపు గాలి తగలడం ఏ క్రీముకన్నా మంచి మందు. స్నానం చేయించి, తొడల మడతల్లో నూనె లేకుండా తుడిచాకే డైపర్ కట్టాలి. కొబ్బరినూనె గానీ, జింక్ క్రీము గానీ, వాజలీన్ గానీ ఇన్సర్ట్‌కి అంటితే ఆ చోట నీళ్ళు పీల్చదు. క్రీము రాయాల్సొచ్చినప్పుడు మధ్యలో చేతిరుమాలంత పాత నూలు ముక్క వేసి, దాన్ని విడిగా ఉతకండి. టాల్కం పౌడరు అసలొద్దు. దాని ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తీసినవి ఎక్కడ పెట్టాలి

నీళ్ళ బకెట్లో నానేసి ఉంచే అలవాటు మానండి. ఆ నీళ్ళలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఎలాస్టిక్ పాడవుతుంది, పారాడే పిల్లలున్న ఇంట్లో నిండు బకెట్టు ప్రమాదం కూడా. చిల్లులున్న ప్లాస్టిక్ బుట్ట తీసుకోండి. ఉచ్చ గుడ్డల్ని కుళాయి కింద ఒకసారి జాడించి పిండి, విప్పదీసి అందులో వేయండి. రాత్రి డైపర్ని మాత్రం పొద్దున్నే బాగా జాడించాల్సిందే, లేకపోతే మధ్యాహ్నానికల్లా అమ్మోనియా ఘాటు కళ్ళకి కొడుతుంది.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలం నీళ్ళలో కరిగిపోతుంది, చన్నీళ్ళ ధార కింద పెడితే పోతుంది. ఆరో నెలలో ఉగ్గు, పప్పన్నం మొదలయ్యాక మలం గట్టిపడుతుంది. దాన్ని ముందు కమోడ్‌లో దులిపి, హెల్త్ ఫాసెట్‌తో కొట్టి అప్పుడు బుట్టలో వేయాలి. మొదటి జాడింపు ఎప్పుడూ చన్నీళ్ళతోనే. వేడినీళ్ళు ముందే పోస్తే మరక పట్టుకుంటుంది. రెండు రోజులకి మించి ఉంచొద్దు. ఎండాకాలం, వానాకాలం ఒక్కరోజే మంచిది. బూజు నల్లచుక్కలు ఒకసారి పడితే నూలు నుంచి వదిలించడం కష్టం.

ఉతుకుడు, బోరునీళ్ళ సంగతి

పిల్లల బట్టలని పల్చటి బేబీ లిక్విడ్ చెంచాడు వేసి ఉతకడం మొదటి తప్పు. ఇవి పిల్లల బట్టలే గానీ ఇంట్లో అన్నిటికన్నా మురికి బట్టలు. మామూలు వాషింగ్ పౌడరే, ప్యాకెట్ మీద బాగా మురికైన బట్టలకి రాసినంత వేయాలి. బట్టల సబ్బు బిళ్ళ రుద్దడం రెండో తప్పు. బోరునీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి జిడ్డు తెట్టు కడుతుంది, అది నారల్లో ఇరుక్కుంటుంది. కుంకుడురసం పట్టుచీరకి బాగుంటుంది గానీ ఈ మురికికి చాలదు. ఫ్యాబ్రిక్ కండిషనర్ అయితే ప్రతి నారకీ జారుడు పూత పూసి పీల్చే గుణాన్నే చంపేస్తుంది. ఆఖరి నీళ్ళలో క్రిమిసంహారక మందు మూత వేసే అలవాటు కూడా వద్దు, మిగిలిన మందు బిడ్డ చర్మాన్ని మండిస్తుంది.

చేత్తో ఉతికేవాళ్ళకి: 20 లీటర్ల బకెట్‌కి 10, 12 గుడ్డలు, అంతకుమించొద్దు. చన్నీళ్ళలో నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. తర్వాత చేయి పెట్టగలిగినంత వేడినీళ్ళలో రెండు టేబుల్‌స్పూన్ల పౌడరు కలిపి అరగంట నానబెట్టండి. వేళ్ళ మధ్య నీళ్ళు జారుడుగా తగలాలి. తగల్లేదంటే మీ నీళ్ళకి ఆ పౌడరు సరిపోలేదు, ఇంకో అర చెంచా వేయండి. గుడ్డల్ని బండకేసి ఉతకొచ్చు. కవర్లని మాత్రం చేత్తో నలపడమే, బాదితే పీయూఎల్ పొర లేచిపోతుంది. పిండి, మూడు నాలుగు నీళ్ళలో జాడించాలి.

మెషీన్‌లో అయితే రెండుసార్లు. మొదట చన్నీళ్ళతో చిన్న వాష్, కొంచెం పౌడరు. ఆ మురికినీళ్ళు పోయాక అసలు వాష్, పూర్తి పౌడరు, కాటన్ సైకిల్. కవర్లుంటే 40 డిగ్రీలు, ఒట్టి గుడ్డలైతే 60 దాకా. ఫ్రంట్ లోడ్ మెషీన్ బరువు చూసి నీళ్ళు తీసుకుంటుంది, నాలుగు డైపర్లు వేస్తే అవి తడిసి తిరుగుతాయే గానీ ఒకదానికొకటి రాసుకోవు. బిడ్డ జబ్లాలు, తువ్వాళ్ళు కలిపి డ్రమ్ము మూడింట రెండు వంతులు నింపండి. టాప్ లోడ్‌లో మూత తీసి చూస్తే చిక్కటి పులుసులో ముక్కలు తిరిగినట్టుండాలి. ఈదుతుంటే నీళ్ళెక్కువ, కదలకపోతే బట్టలెక్కువ.

గీజరు కాయిల్‌కి సున్నం పేరుకునే ఇల్లూ, స్టీలు బిందె మీద తెల్లచారలు పడే ఇల్లూ అయితే మీ నీళ్ళు కఠినజలమే. పౌడరులో కొంత ఆ లవణాలకే ఖర్చయిపోతుంది. పౌడరు వేసే ముందే బకెట్‌కి ఒక టేబుల్‌స్పూను చాకలి సోడా కలపండి (వంటసోడా కాదు, అది ఈ పనికి బలహీనం). మున్సిపల్ నీళ్ళొచ్చే రోజైతే ఆఖరి రెండు జాడింపులూ వాటితో చేయండి. వాన నీళ్ళు పట్టుకోగలిగితే ఇంకా మేలు.

అప్పటికే గుడ్డలు అప్పడాల్లా బిర్రబిగిసిపోయి ఉంటే, శుభ్రంగా ఉతికిన గుడ్డల్ని 10 లీటర్ల వేడినీళ్ళలో రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి ముప్పావుగంట నానేసి, మళ్ళీ మామూలుగా ఉతకండి. కవర్లు ఇందులో వేయొద్దు. నిమ్మ ఉప్పుతో బ్లీచ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఉచ్చ జాడించని గుడ్డల మీద బ్లీచ్ పోసినా అంతే.

ఉతుకుడు సరిగా కుదిరిందా అని చూడటానికి ఒక పరీక్ష ఉంది. ఆరిన ఇన్సర్ట్‌ని గిన్నెడు మంచినీళ్ళలో వేసి చేత్తో కలపండి. నురగ వస్తే జాడింపు చాలలేదు. నీళ్ళు మసకబారితే మురికి పోలేదు.

ఎండ ఉన్నంతలో గుడ్డల్ని నేరుగా ఎండలో వేయండి. పాలమలం పసుపు మరక సబ్బుకి పోదు, తడిగా ఎండలో పడేస్తే సాయంత్రానికి వెలిసిపోతుంది. కవర్లు నీడలో ఆరాలి. వాటిని నడుం దగ్గర పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే తడి బరువుకి ఎలాస్టిక్ సాగుతుంది, తీగ మీద అడ్డంగా వేయండి. విదేశాల్లో డ్రయ్యర్ వాడేవాళ్ళు గుడ్డలు మాత్రమే వేసి, కవర్లని గాలికి ఆరనివ్వాలి.

కారినప్పుడు

డైపర్ విప్పి ఇన్సర్ట్ చూడండి, కారణం అదే చెబుతుంది. మొత్తం నానిపోయి ఉంటే గుడ్డ చాలలేదు, లేదా మార్చడం ఆలస్యమైంది. ముందు తడిసి వెనక పొడిగా ఉంటే గుడ్డ ముందుకి జరగాలి. అసలు తడవకుండానే కారితే రెండిట్లో ఒకటి: కాలి దగ్గర సందు, లేదా ఇన్సర్ట్‌కి జిడ్డు పట్టింది. పొడి ఇన్సర్ట్ మీద చెంచాడు నీళ్ళు పోయండి. తామరాకు మీద బొట్లలా నిలిస్తే జిడ్డే. పౌడరు ఎక్కువ వేసి వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికితే పోతుంది. ఇన్సర్ట్‌లు బాగున్నా కవరు మీదినుంచే చెమ్మ వస్తోందంటే లోపలి పూత చూడండి. బుడగలు లేచి, పొరలు విడిపోయి ఉంటే ఆ కవరు పని అయిపోయింది. లాగినప్పుడు ఎలాస్టిక్ కరకరమంటూ తిరిగి ముడుచుకోకపోతే కవరు పారేయక్కర్లేదు, దర్జీ దగ్గర సన్న ఎలాస్టిక్ మార్పించుకోవచ్చు.

ఒళ్ళు ఎర్రబడితే

తడి తగిలే చోటంతా సమానంగా ఎర్రబడితే మార్చడం ఆలస్యమవుతోంది, లేదా సబ్బు మిగిలిపోతోంది. గుడ్డ తీసి గాలికి ఉంచే సమయం పెంచి, జాడింపు పెంచండి. ఎలాస్టిక్ గీతల వెంటే ఉంటే బిగుతు. మడతల లోతుల్లో నిగనిగలాడే ఎరుపు, దాని చుట్టూ విడిగా చిన్న చిన్న చుక్కలు ఉంటే అది ఫంగస్ కావచ్చు. నూనె, పసుపు లాంటివి పెడుతూ రోజులు గడపొద్దు, పిల్లల డాక్టరుకి చూపించండి. మందు వాడినన్నాళ్ళూ గుడ్డలు 60 డిగ్రీల్లో ఉతికి కరకరలాడేలా ఎండబెట్టండి. ఆ వారం వాడి పారేసే డైపర్లు కట్టినా తప్పేం లేదు. రైలు ప్రయాణాలకీ అంతే.

బిడ్డకి అవసరం తీరాక తర్వాతి కాన్పుకి దాచేటప్పుడు అన్నీ ఒకసారి వేడిగా ఉతికి, చెమ్మ లేకుండా ఆరనిచ్చి, బటన్లు విప్పి ఎలాస్టిక్ వదులుగా ఉండేలా పరిచి నూలు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే పీయూఎల్ అతుక్కుంటుంది. కలరా ఉండలు మాత్రం వేయకండి. వాటిలోని నాఫ్తలీన్ బట్టకి పట్టి, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లల్లో రక్తకణాలు చితికిపోయి పచ్చకామెర్లు ముదిరిన సందర్భాలున్నాయి. ఆ లోపం బిడ్డకి ఉందో లేదో పుట్టినరోజున ఎవరికీ తెలియదు. నీడన ఎండిన వేపాకు గుప్పెడు మూటకట్టి వేస్తే చాలు, తీసి వాడే ముందు ఒకసారి ఉతికి ఎండలో వేయాలి.